వెళ్ళిపోయేవాళ్ళ ఊళ్ళో మాటల క్లబ్బు

హుఫూఫ్ అనగానే దుబాయి, దోహాల లాగా అందరికీ తెలిసిపోయే పేరు కాదు. సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో, దమ్మాం నుంచి రియాద్ వెళ్ళే రైలు దారిలో వస్తుంది. ఆ రైలు 1951 నుంచి నడుస్తోంది. అల్ అహ్సా ఒయాసిస్సుకు ఇదే పెద్ద ఊరు. చుట్టూ దాదాపు 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయని యునెస్కో లెక్క. 2018లో ఆ సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. ఊరికి అవతల 1948లో బయటపడిన ఘవార్ చమురు క్షేత్రం ఉంది. ఆ తోటల మధ్య కారులో పోతుంటే కోనసీమ గుర్తొస్తుందని మా గోదావరి మిత్రులు అంటుంటారు. జులై నెలలో మాత్రం ఎవరూ ఆ మాట అనరు.

ఇక్కడ తెలుగువాళ్ళు అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు. చమురు కాంట్రాక్టు కంపెనీల ఇంజనీర్లు, ఆసుపత్రి నర్సులు, యూనివర్సిటీ, కాలేజీల అధ్యాపకులు ఒక వరస. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన డ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇంకో వరస. ఈ రెండు వరసలూ ఉగాదికో, సంక్రాంతికో ఒక్కపూట కలిస్తే కలుస్తాయి. నలుగురిలో నిలబడి మాట్లాడటం నేర్చుకునే క్లబ్బు ఒకటి పెట్టుకుందామన్న మాట మాలో కొందరి మధ్య నలుగుతోంది. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. "అందరం ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయేవాళ్ళమే గదండీ, పెట్టినా ఎన్నాళ్ళుంటుంది?" ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పాత చరిత్ర తిరగేస్తే నాకు రెండు కథలు దొరికాయి. ఒకటి అమెరికాది, ఇంకొకటి మన హైదరాబాదుది.

అమెరికా కథ రాల్ఫ్ స్మెడ్లీది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ వై.ఎం.సి.ఎ.లో చదువుల విభాగం చూసేవాడు. అక్కడికి వచ్చే కుర్రాళ్ళకు పనులన్నీ చేతనవును, కానీ సభ జరపమంటే, లేచి మాట్లాడమంటే నోరు పెగలదు. 1905లో వాళ్ళ కోసం ఒక బృందం మొదలుపెట్టాడు. క్లాసు అంటే రారని, విందుల్లో శుభాకాంక్షలు చెప్పించే పెద్దమనిషి పేరు మీద దానికి టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ అని పేరు పెట్టాడు. అక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. చెప్పుకోనిది ఆ తరువాతిది. స్మెడ్లీకి ఫ్రీపోర్ట్‌కు బదిలీ అయింది, అక్కడ క్లబ్బు పెట్టాడు. ఆయన వెళ్ళిపోయాక అది పోయింది. రాక్ ఐలండ్‌లో పెట్టాడు. అక్కడా అంతే. ఇదేదో ఆయనగారి ముచ్చట అనుకున్నారు తప్ప తమ పని అని ఎవరూ అనుకోలేదు. చివరికి కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో, 1924 అక్టోబరు 22న మొదలైన క్లబ్బు నిలిచింది. అంటే మొదటి ప్రయత్నానికీ నిలబడిన ప్రయత్నానికీ మధ్య 19 ఏళ్ళు. అక్కడి క్లబ్బును చూసి పక్క ఊళ్ళవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్నారు. 1930లో కెనడాలో క్లబ్బు రావడంతో పేరు చివర ఇంటర్నేషనల్ చేరింది.

ఈ 19 ఏళ్ళ సంగతే మా హుఫూఫ్‌కు పనికొచ్చే పాఠమని నా అభిప్రాయం. స్మెడ్లీ పెట్టిన క్లబ్బులు బాగా నడవక పోలేదు, ఆయన ఉన్నన్నాళ్ళూ బాగానే నడిచాయి. ఒక్క మనిషి చేతి మీద నడిచాయి కనుక ఆ మనిషితోనే పోయాయి.

హైదరాబాదు కథకు ముందు ఒక చిన్న మాట. మనకు మాట కొత్త కాదు. పురాణం చెప్పేవారు, హరికథ చెప్పేవారు, అవధానం చేసేవారు ఉండనే ఉన్నారు. కానీ వాళ్ళంతా విద్వాంసులు. మామూలు మనిషి లేచి, తన అభిప్రాయం తన మాటల్లో, ఎదుటివాళ్ళు ఒప్పుకోకపోయినా చెప్పడం అన్నది మనకు పందొమ్మిదో శతాబ్దంలో అలవాటైన పని. రాజమండ్రిలో 1879లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వితంతు వివాహం గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టినప్పుడు, వినడానికి వచ్చినవాళ్ళలో తిట్టడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇక 1921 నవంబరు. హైదరాబాదులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఆడపిల్లల చదువు కోసం జీవితం ధారపోసిన మహానుభావుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావుగారు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. అంతే, సభలో ఎగతాళి, గోల. ఆయన మాట సాగనివ్వలేదు. గమనించండి, అది మూర్ఖుల సభ కాదు, సంఘాన్ని సంస్కరిద్దామని వచ్చిన చదువుకున్నవారి సభ. అక్కడున్న తెలుగువాళ్ళు బయటికి వచ్చేశారు. ఆ రాత్రే కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు.

మన చరిత్ర పుస్తకాల్లో ఈ ఘట్టం దగ్గర అవమానం గురించే ఎక్కువ రాస్తారు. నాకు ఆ తరువాత జరిగిన పని ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. కోపం మీద పెట్టిన సంఘాలు కోపం చల్లారగానే పోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇది పోలేదు. మాడపాటి హనుమంతరావుగారు, మరికొందరు దాన్ని ఊరూరికీ పట్టుకెళ్ళారు. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, వర్తకులకు, రైతులకు చిన్న చిన్న పుస్తకాలు. సభ పెట్టాలంటే నిజాం సర్కారు అనుమతి తీసుకోవలసిన రోజులవి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డిగారు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్క మనిషికి దక్కని వేదిక అక్కడ అందరిదీ అయింది. శాంటా ఆనాలో లాగే ఇక్కడా పని ఒక్కరి చేతిలో ఆగిపోలేదు.

మళ్ళీ హుఫూఫ్‌కు వస్తాను. ఇక్కడ మనుషులు నిలవకపోవడానికి కారణాలు గాలిలోంచి రావు, గెజిట్లోంచి వస్తాయి. 2011లో సౌదీలకు ఉద్యోగాల వాటా పెంచే నితాఖత్ వచ్చింది. 2017 జులై నుంచి కుటుంబ సభ్యులు ఒక్కొక్కరికీ నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టి, ఏటా పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి నెలకు 1200 రియాళ్ళు. చాలామంది కుటుంబాలను ఇండియా పంపేశారు. అదే ఏడు కరోనా. ఇలాంటిచోట అధ్యక్షుడు రెండేళ్ళుంటాడని నమ్మి సంఘం కట్టడం ఇసుక మీద ఇల్లు కట్టడమే.

అందుకే టోస్ట్‌మాస్టర్స్ పద్ధతిలో నాకు నచ్చేది ఉపన్యాసం కాదు, పనుల పంపకం. కొత్త క్లబ్బు పెట్టాలంటే 20 మంది కావాలి. సమావేశానికి ఒక నిర్వాహకుడు, సమయం చూసేవాడు, "అదీ... అంటే..."లు లెక్కపెట్టేవాడు, భాష చూసేవాడు, ఉపన్యాసాన్ని సమీక్షించేవాడు. ప్రతిసారీ ఈ పనులు మనుషులు మారతారు. మామూలు ఉపన్యాసం అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదుకు ఆకుపచ్చ దీపం, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. మన సభల్లో ఈ ఎర్ర దీపం ఉంటే ఎన్ని భోజనాలు వేడివేడిగా దొరికేవో! ఆరు నెలలు తిరిగేసరికి ప్రతివాడికీ ప్రతి పనీ వస్తుంది. ఒకడికి ఎగ్జిట్ వీసా పడితే రెండోవాడు అందుకుంటాడు. సాఫ్ట్‌వేర్‌లో మేము సర్వర్లు ఇలాగే పెడతాం, ఒకటి పడిపోతే ఇంకొకటి లేచేలా.

ఈ నేలకు మాట కొత్త అనుకోకండి. హుఫూఫ్ దగ్గర జవాథా అనే పాత మసీదు ఉంది. మదీనా తరువాత శుక్రవారం సామూహిక ప్రార్థన జరిగిన రెండో చోటుగా దాన్ని చెప్పుకుంటారు. శుక్రవారం ప్రార్థన అంటే ఖుత్బా, అంటే ప్రసంగం ఉండి తీరాలి. ఇక మన కాలానికి వస్తే, 2015లో లాస్ వేగాస్‌లో టోస్ట్‌మాస్టర్స్ ప్రపంచ ఉపన్యాస పోటీలో గెలిచింది సౌదీకి చెందిన ఇంజనీరు మొహమ్మద్ ఖహ్తానీ. చిన్నప్పుడు నత్తితో బాధపడినవాడు. ఆ ఏడు రెండో స్థానం ముంబయి వాసి ఆదిత్య మహేశ్వరన్‌ది.

ఆడవాళ్ళ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. టోస్ట్‌మాస్టర్స్‌లోకి ఆడవాళ్ళను అధికారికంగా రానిచ్చింది 1973లో. అంతకు ముందే హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ హోమర్ అనే మగపేరు మీద సభ్యురాలై, 1985లో ఆ సంస్థకే మొదటి అధ్యక్షురాలయింది. సౌదీలో హోటళ్ళకు ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరువేరు ద్వారాలుండాలన్న నియమం 2019 డిసెంబరులో పోయింది. 2018 జూన్ నుంచి ఆడవాళ్ళు కారు నడుపుతున్నారు. మన నర్సులను క్లబ్బుకు రాకుండా ఆపేది ఇక డ్యూటీ చార్టు ఒక్కటే.

పెద్ద చిక్కు భాష, డబ్బు. సంస్థ రుసుము ఆరు నెలలకు 60 డాలర్లు, అంటే 225 రియాళ్ళు. ఇంజనీరుకు లెక్కలోది కాదు. తాపీ మేస్త్రీకి అది ఇంటికి పంపే డబ్బు. ఇంగ్లీషులోనే అంటే సగంమంది గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అసలు ఈ క్లబ్బు ఎవరికి ఎక్కువ అవసరం? ప్రమోషన్ ఇంటర్వ్యూకు వెళ్ళే మాలాంటివాళ్ళకు ఉండనే ఉంది. ఆరు నెలల జీతం బాకీ ఉండి, ఎంబసీ అధికారులు వచ్చినరోజు తన మాట రెండు నిమిషాల్లో చెప్పలేక, పక్కవాడి చేత చెప్పించుకుని, అతను తప్పు చెబితే తలూపి వచ్చేసే మనిషికి అంతకన్నా ఎక్కువ ఉంది. టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బు ఇంగ్లీషులోనే ఉండాలని నియమం లేదు, ఇతర భాషల్లో నడిచేవి చాలా ఉన్నాయి. 1921 నాటి సభను మనం హుఫూఫ్‌లో ఒక ఫ్లాటులో కూర్చుని మళ్ళీ జరిపించనక్కర్లేదు. ఒకవారం తెలుగు, ఒకవారం ఇంగ్లీషు అన్నది నా ప్రతిపాదన. రుసుము కట్టలేనివారు అతిథులుగా వచ్చి సమయం చూడొచ్చు, లేచి మాట్లాడొచ్చు. అతిథులను రానిచ్చే ఆచారం మొదటినుంచీ ఉన్నదే.

రోజు దగ్గర కాస్త వాదన నడిచింది. 2013 జూన్‌లో సౌదీ వారాంతం గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారింది. ఆఫీసులవాళ్ళకు శనివారం సాయంత్రమే వీలు, మర్నాడు పని ఉన్నా ఇంటి పనులన్నీ అప్పటికి అయిపోతాయి. కానీ క్యాంపుల్లో ఉండేవాళ్ళకు శనివారం సెలవు లేదు, వాళ్ళకున్నది శుక్రవారం ఒక్కటే. కనుక శుక్రవారం, ఇషా నమాజు అయ్యాక.