చేతులు మారే వైరస్

1984 ఏప్రిల్ 23న వాషింగ్టన్‌లో అమెరికా ఆరోగ్య శాఖ మంత్రి మార్గరెట్ హెక్లర్ విలేఖరుల ముందు రెండు మాటలు చెప్పారు. ఎయిడ్స్‌కు కారణమైన వైరస్ దొరికింది. సుమారు రెండేళ్లలో టీకా పరీక్షకు సిద్ధమవుతుందని ఆశిస్తున్నాము. ఆ రెండో మాటను తరువాత ఎందరో ఎగతాళి చేశారు. అది కొంత అన్యాయమే. మశూచిని రూపుమాపిన తరం అది. శత్రువు ఎవరో తెలిస్తే, దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలను శరీరం చేత తయారు చేయించవచ్చు. అవి రక్తంలో కాపలా కాస్తూ, వచ్చిన వైరస్‌ను వచ్చినట్టే పట్టేస్తాయి. ఆనాటి లెక్క ఇదే. అయితే 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లూక్ మోంటానియేల బృందం ఈ వైరస్‌ను మొదట వేరుచేసింది రోగి లింఫ్ గ్రంథి ముక్క నుంచి. ఆ చిన్న వివరానికి ఉన్న బరువు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందుగా తెలిసినది వైరస్ వేసుకునే ముసుగుల సంగతి. వైరస్ పైపొరలోని జీపీ120 అనే ప్రొటీను, టి-కణం మీది సీడీ4ను పట్టుకుని లోపలికి దారి చేసుకుంటుంది. 1998లో పీటర్ క్వాంగ్, వేన్ హెండ్రిక్సన్, జోసెఫ్ సొడ్రోస్కీ తదితరులు దాని నిర్మాణాన్ని వెల్లడించారు. ఆ ప్రొటీను బరువులో దాదాపు సగం చక్కెరలే. వాటిని అతికించేది మన కణమే కనుక రోగనిరోధక వ్యవస్థకు అవి సొంతవాటిలాగే కనిపిస్తాయి. 2003లో జార్జ్ షా బృందం మరో అడుగు ముందుకు వేసింది: యాంటీబాడీ తగులుకోగానే వైరస్ సంతతి ఆ చక్కెరలను పక్కకు జరిపి, కొత్త చోట అమర్చుకుంటోంది. రోగి శరీరం యాంటీబాడీలు తయారు చేయకపోవడం లేదు. చేసినవి కొన్ని నెలల కిందటి వైరస్‌కు సరిపోతాయి, నేటి వైరస్‌కు కాదు. జీపీ120తోనే చేసిన ఒక టీకా, అయిదు వేలమందికి పైగా పాల్గొన్న పరీక్షలో విఫలమైందన్న వార్త కూడా అదే ఏడాది వచ్చింది. ఆ టీకా యాంటీబాడీలను పుట్టించింది, రక్షణను మాత్రం ఇవ్వలేదు. పైగా ఒక్కొక్క వైరస్ మీద ఉండే కొక్కేలు సగటున 14 మాత్రమే. అవి అంత ఎడంగా ఉండటం వల్ల యాంటీబాడీ తన రెండు చేతులతో రెండింటిని ఒకేసారి పట్టుకోవడం కష్టమని పమేలా బ్యోర్క్‌మన్ వాదించారు.

ఇంతవరకూ అందరి ఊహలోనూ ఉన్నది రక్తంలో ఒంటరిగా ఈదుతున్న వైరస్సే. కాని 1993లోనే ఆంథొనీ ఫౌచీ, ఆష్లీ హాస్‌ల బృందాలు వేరువేరుగా ఒక విషయం చూపించాయి: రక్తంలో జబ్బు నిద్రపోతున్నట్టు కనిపించే ఏళ్లలో కూడా లింఫ్ గ్రంథుల్లో వైరస్ చురుకుగానే ఉంటుంది. ఆ గ్రంథులలో టి-కణాలు తిరునాళ్ల జనంలా ఒకదానికొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. పక్క మనిషి చేతికి ఇవ్వగలిగినదాన్ని ఏట్లో వదలడం ఎందుకు?

జవాబు మొదట హెచ్‌ఐవీలో కాక, దాని దూరపు బంధువైన హెచ్‌టీఎల్‌వీ-1లో దొరికింది. రక్తంలో స్వేచ్ఛగా దాదాపు కనిపించని ఆ వైరస్, రెండు కణాలు తాకిన చోటుకు చేరి అవతలి కణంలోకి దాటుతోందని 2003లో చార్లెస్ బాంగమ్ బృందం చూపింది. మరుసటి ఏడాది క్లేర్ జాలీ, క్వెంటిన్ సాటెంటావ్‌లు హెచ్‌ఐవీలోనూ ఇదే ఏర్పాటును వర్ణించారు. సోకిన కణం మీది జీపీ120 పక్క కణపు సీడీ4ను పట్టుకోగానే రెండు కణాలూ అతుక్కుంటాయి. కణాల లోపలి తీగల అల్లిక గ్రాహకాలను ఆ చోటుకే లాగుతుంది. వైరస్‌లు మధ్యనున్న ఇరుకు సందులోకి విడుదలవుతాయి. నాడీకణాల సంధికి వాడే సినాప్స్ అన్న మాటనే దీనికీ పెట్టారు. ఇక్కడ సంకేతం బదులు వ్యాధి దాటుతుంది.

న్యూయార్క్‌లో బెంజమిన్ చెన్ ప్రయోగశాల 2007లో వెల్లడించిన ఫలితం కలవరపెట్టేది. విడి వైరస్‌ను ఆపగలిగిన రోగుల యాంటీబాడీలు ఈ కణం-కణం మార్పిడిని సరిగా ఆపలేకపోయాయి. 2009లో అదే బృందం, కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులతో కలిసి, పచ్చగా వెలిగే వైరస్‌ను తయారుచేసి ఆ మార్పిడిని చలనచిత్రంగా తీసింది. కణాల మధ్య వైరస్ ప్రొటీన్లు గుండీలా పోగుపడటం, అక్కడి నుంచి రెండో కణంలోని సంచుల్లోకి జారడం అందులో కనిపిస్తాయి.

దీనితో వివాదం తీరిందనుకోకూడదు. సినాప్స్‌ను వర్ణించిన సాటెంటావ్ బృందమే 2010లో, ప్రవేశాన్ని అడ్డుకునే మందులూ యాంటీబాడీలూ ఈ దారిలోనూ పనిచేస్తాయని చూపింది. 2012లో జ్యూరిక్ పరిశోధకులు, సీడీ4 తగిలే చోటును పట్టే యాంటీబాడీలు ఇక్కడ బలం కోల్పోతాయని చూపారు. ప్రయోగానికి వాడిన కణాలు, వైరస్ జాతి, యాంటీబాడీ మారితే ఫలితమూ మారుతోంది. ఆ సందులోకి యాంటీబాడీ అసలు దూరలేదని కాదు. ఒకే చోట ఇన్ని వైరస్‌లు ఒక్కసారిగా దాటుతున్నప్పుడు కొన్నిటిని ఆపినా చాలదు. 2011లో అలెక్స్ సిగల్, డేవిడ్ బాల్టిమోర్ మందుల విషయంలో ఇలాంటి వాదనే చేశారు.

2021లో వెలువడిన ఒక పరీక్ష ఈ చరిత్రకు మరో పేజీ. వీఆర్‌సీ01 అనే శక్తిమంతమైన యాంటీబాడీని 4,600 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో ఎనిమిది వారాలకోసారి రక్తంలోకి ఎక్కించారు. మొత్తం మీద సంక్రమణ తగ్గలేదు. కాని ఆ యాంటీబాడీకి తేలికగా లొంగే వైరస్ రకాల విషయంలో సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. అంటే సరైన యాంటీబాడీ సరైన వైరస్‌ను ఆపగలదు. ఆ జోడీ కుదరడమే అరుదు.

ముసుగు మీదికి వెళ్లకుండా లోపలి పెంకును పట్టే మందు లెనకాపవిర్. ఏ దారిన వచ్చినా వైరస్ ఆ పెంకుతోనే కణంలోకి దిగాలి. 2024లో ఆఫ్రికాలో ఆరు నెలలకోసారి ఆ సూది మందు తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 120 దేశాల కోసం దాని జెనరిక్ తయారీకి అనుమతి పొందిన ఆరు సంస్థలలో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, హైదరాబాదువి.