ఆర్మూరు పసుపు: మొక్క ఎదుగుదల, పరిమాణం

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ప్రాంతంలో జూన్‌లో నాటిన పసుపు సుమారు తొమ్మిది నెలలకు పక్వమవుతుంది. ‘ఆర్మూరు’ పేరుతోనే ఒక దీర్ఘకాలిక రకం ఉంది. మొక్క మీటరు వరకు ఎదుగుతుంది. అయితే పసుపు పరిమాణాన్ని ఎత్తుతో కొలవడం సరికాదు. కాండంలా కనిపించేది ఒకదానిలో ఒకటి చుట్టుకున్న ఆకు తొడుగులే. అసలు కాండం మట్టిలో దుంపగా ఉంటుంది. పచ్చి దుంపను తవ్వి చూస్తే మధ్యలో బొద్దుగా మండ, దాని పక్కలకు వేళ్లలా చీలిన కొమ్ములు, వాటి చుట్టూ రాలిన ఆకుల గుర్తులుగా వలయాలు కనిపిస్తాయి.

ఆకు గుబురుగా ఉంటేనే దుంప ఊరుతుందన్న వాదనలో నిజం లేకపోలేదు, దుంపకు ఆహారం ఆకే వండాలి. కానీ ఈ రెండు పనులూ ఒకేసారి సాగవు. మొలక నిదానంగా వస్తుంది, వానాకాలమంతా బలం ఆకుకే పోతుంది, దుంప ఊరేది ఆ తర్వాతే. అప్పటికీ నత్రజని మితిమీరితే ఆకు పెరుగుతూనే ఉంటుంది, దుంప వెనకబడుతుంది. ఆకుల మధ్య పూలకంకి అందంగా వచ్చినా సాధారణంగా విత్తనం కట్టదు; మూడు సెట్ల క్రోమోజోముల వంధ్య మొక్క ఇది. ఆకులు పసుపుబారి ఎండినప్పుడే తవ్వకానికి వేళయినట్టు.