హృదయ చికిత్స - నిరీక్షణ కాలము

కృష్ణగిరి, హోసూరుల నడుమ నున్న మన కుందారపల్లి ప్రాంతమునకు ఒక ప్రక్క వేలూరు, మఱియొక ప్రక్క బెంగుళూరు కలవు. దక్షిణదేశ హృదయ చికిత్సా చరిత్రలో ఈ రెండు నగరములకును ముఖ్యస్థానము కలదు. ఆ చరిత్రను రోగి యెంతకాలము కాచుకొనవలసి వచ్చెనను దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

మొదట నిరీక్షణకు కారణము సాధనలోపము. కొట్టుకొను గుండెను నిలిపి, తెఱచి, బాగుచేయు ఉపాయము లేకుండెను. 1953 మే 6వ తేదీన అమెరికాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రముచే జరిపించి, ఒక యువతి గుండెలోని రంధ్రమును మూసెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940 దశకము చివర రీవ్ బెట్స్ వక్ష శస్త్రచికిత్సకు పునాది వేసెను. అచ్చటనే 1961లో డాక్టరు గోపీనాథ్ గుండెను తెఱచి శస్త్రచికిత్స చేసెను. మనదేశమున జరిగిన అట్టి తొలి చికిత్సలలో నిది యొకటి. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ బైపాసు చికిత్స చేసెను.

పిమ్మట చికిత్స కలదు, ధనము లేదు. కీళ్లవాత జ్వరముచే కవాటములు చెడిన బీదలకు నిరీక్షణ యేండ్ల తరబడి సాగెడిది. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో ఉచిత చికిత్సాలయము వెలసెను. 2000 ప్రాంతమున డాక్టరు దేవిశెట్టి హోసూరు మార్గమున బొమ్మసంద్రలో నారాయణ హృదయాలయమును స్థాపించి, అధిక సంఖ్యలో శస్త్రచికిత్సలు జరిపి వ్యయమును తగ్గించెను. ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీయు, మన తమిళనాట 2009లోను 2012లోను ప్రభుత్వ బీమా పథకములును ఏర్పడెను.

ఇప్పుడు ప్రశ్న యేండ్లది కాదు, గంటలది. గుండెకు రక్తము నిచ్చు నాళము గడ్డచే మూసికొనిపోయినచో, గడచు ప్రతి గంటకు కండరము కొంత నశించును. 2012-14 నడుమ తమిళనాట చిన్న ఆసుపత్రులను పెద్దవానితో అనుసంధించి 2420 మంది రోగులను పరిశీలించిరి. చిన్న ఆసుపత్రిలో గడ్డను కరగించు మందిచ్చి, పెద్ద ఆసుపత్రికి చేర్చుట అందలి పద్ధతి. అనుసంధానమునకు ముందు నూటికి 35 మందికి జరిగిన నాళపరీక్ష, తరువాత 60 మందికి పైగా జరిగెను. బెలూను, స్టెంటు చికిత్స నూటికి 29 నుండి 46కు పెరిగెను. ఏడాదిలోపు మరణములు నూటికి 17.6 నుండి 14.2కు తగ్గెను. కాని నాళము తెఱచుకొను వఱకు పట్టు కాలము మాత్రము తగ్గలేదు.

ఆ కాలమున కొంత మన యిండ్లలోనే గడచుచున్నది. రొమ్ము నొప్పిని వాయువని తలచి, వాము నమిలి, తెల్లవారనిండని కూర్చుండుట మన పల్లెలలో వాడుక. రొమ్ము బరువెక్కి, నొప్పి యెడమచేతికిగాని దవడకుగాని ప్రాకి, చల్లని చెమట పట్టినచో, వెంటనే 108కి ఫోను చేయవలెను.

వైద్యుల వలన, ధనము వలన కలిగిన నిరీక్షణను పెద్దలు చాలవఱకు తొలగించిరి. మిగిలినదానిని తొలగింపవలసినవారము మనమే. తెలుగు బడిలో చదువు బిడ్డ ఈ నాలుగు మాటలు తాతకు, అవ్వకు మాతృభాషలో చెప్పగలిగినచో, ఆ చదువు ఒక ప్రాణమును నిలుపును.