ఎండార్ఫిన్లు: రసాయన రూపాలు

క్షీరదాల మెదడులో, పీయూష గ్రంథిలో సహజంగా తయారయ్యే, మార్ఫిన్‌లా పనిచేసే పెప్టైడ్లు. వీటిలో ముఖ్యమైనది బీటా-ఎండార్ఫిన్, 31 అమైనో ఆమ్లాల గొలుసు.

దీని ఆచూకీ ఒంటెల దగ్గర దొరికింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చో హావో లీ ఒంటె పీయూష గ్రంథుల్లో బీటా-లైపోట్రోపిన్ అనే హార్మోన్ కోసం వెతికారు. అది దాదాపు లేదు. దాని చివరి తునక మాత్రం సమృద్ధిగా ఉంది. 1976లో ప్రకటించిన ఆ తునకే బీటా-ఎండార్ఫిన్. రెండింటికీ మూలం పీఓఎంసీ అనే పెద్ద ప్రొటీన్. ఎంజైములు దాన్ని అంచెలంచెలుగా కత్తిరిస్తాయి. 16 అమైనో ఆమ్లాల ఆల్ఫా, 17 ఉన్న గామా రూపాలు కూడా ఆ గొలుసు ముక్కలే.

గొలుసులో మొదటి ఐదు అమైనో ఆమ్లాలు మెట్-ఎన్‌కెఫలిన్ అనే మరో మార్ఫిన్ తరహా పెప్టైడ్‌వే. నొప్పి తగ్గించడానికి ఈ కొస ఖాళీగా ఉండాలి. ఎసిటైల్ సమూహం అతుక్కుంటే ఆ శక్తి పోతుంది. రెండో కొస తెగి 27కు కురచైన రూపం మరీ విచిత్రం: అసలు బీటా-ఎండార్ఫిన్‌ పనికే అడ్డుపడుతుంది.

ఎలుక పీయూష గ్రంథి మధ్య భాగంలో ఇలా మారిన రూపాలే ఎక్కువ. ముందు భాగంలో, హైపోథాలమస్‌లో 31 ఆమ్లాల పూర్తి రూపం ప్రధానం. వయోజన మానవుల్లో ఆ మధ్య భాగం విడిగా కనిపించదు కనుక ఎలుక ఫలితాలను మనిషికి యథాతథంగా అన్వయించడం తొందరపాటే.