యూరప్ ట్రిప్: నలుగురికి తక్కువ ఖర్చులో బస ఎలా వెతకాలి?

గత వేసవిలో లండన్ నుంచి రైల్లో పారిస్ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. పాపకి నిద్ర ముంచుకొస్తోంది, బాబుకి ఆకలి. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి మా నలుగురినీ ఒకసారి చూసి, "మీ బుకింగ్ ఇద్దరికే" అంది. పిల్లలు మా మంచం మీదే సర్దుకుంటారని చెప్పాం. ఫైర్ సేఫ్టీ రూల్స్ ప్రకారం కుదరదంది. అక్కడ ఇంకో రూమ్ లేదు. చివరికి రెండు వీధుల అవతల ఇంకో హోటల్లో రెండు రూములు దొరికాయి, అవీ వేరువేరు అంతస్తుల్లో. మా వారు, బాబు ఒకదాంట్లో. నేను, పాప ఇంకోదాంట్లో. మూడు రాత్రులకి అనుకున్న డబ్బు ఆ ఒక్క రాత్రికే అయిపోయింది.

తప్పు మాదే. అమెరికాలో హోటల్ రూమ్ అంటే రెండు క్వీన్ బెడ్లు, నలుగురు పడుకోవచ్చు. ఆ అలవాటుతోనే "2 పెద్దలు" అని పెట్టి బుక్ చేశాం. మా ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులు, పిల్లలవి అమెరికావి. షెంగెన్ వీసా మా ఇద్దరికే కావాలి కాబట్టి వీసా పేపర్లలో కూడా ఈ తప్పు ఎవరికీ కనబడలేదు. మా తర్వాత వెళ్లే వాళ్లు ఇలా ఇబ్బంది పడకూడదని, అప్పటి నుంచి తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

రూమ్ పేరు కాదు, మనుషుల లెక్క చూడండి

యూరప్‌లో చాలా హోటళ్లలో రూమ్ రేటు మనుషుల లెక్కన ఉంటుంది. డబుల్ అంటే ఇద్దరికి ఒక మంచం, ట్విన్ అంటే ఇద్దరికి రెండు విడి మంచాలు. రెండూ ఇద్దరికే. నలుగురికి కావాలంటే ఫ్యామిలీ రూమ్ అనో, క్వాడ్రుపుల్ అనో ఉండాలి. జర్మన్ మాట్లాడే చోట్ల దీన్ని ఫమీలియెన్‌ట్సిమ్మర్ అంటారు, ఫ్రాన్స్‌లో షాంబ్ర్ ఫామిలియాల్ అంటారు.

వెతికేటప్పుడే "2 పెద్దలు, 2 పిల్లలు" అని పెట్టి, పిల్లల వయసు సరిగ్గా ఇవ్వండి. ప్రయాణం రోజుకి ఎంత వయసు ఉంటుందో అది రాయాలి. కొన్ని హోటళ్లలో 12 ఏళ్లు దాటితే పెద్దవాళ్ల లెక్కే. మా బాబు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు.

ఇంకొకటి. కనెక్టింగ్ రూములంటే మధ్యలో తలుపు ఉంటుంది. అడ్జాయినింగ్ అంటే పక్కపక్కన ఉంటాయి, అంతే. పిల్లలున్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది. హోటల్ వాళ్లు కనెక్టింగ్ ఖాయంగా ఇస్తామని మెసేజ్‌లో రాస్తేనే నమ్మండి.

నలుగురికి ఎక్కడ దొరుకుతాయి?

లండన్: ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి చైన్ హోటళ్లలో ఇద్దరు పెద్దలు, 16 ఏళ్లలోపు ఇద్దరు పిల్లలు ఉండే ఫ్యామిలీ రూములు ఉంటాయి. ప్రీమియర్ ఇన్‌లో పెద్దవాళ్లు బ్రేక్‌ఫాస్ట్ కొనుక్కుంటే పిల్లలకి ఉచితం. ఫ్యామిలీ రూములు కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి. వేసవి సెలవుల్లో యూనివర్సిటీ హాస్టళ్లు కూడా రూములు అద్దెకిస్తాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ హాస్టళ్లు అలాంటివే.

పారిస్: అపార్ట్‌హోటళ్లు వెతకండి. అడాజియో, సిటాడీన్స్ లాంటి వాటిలో సోఫాబెడ్, చిన్న వంటగది ఉన్న నలుగురి యూనిట్లు ఉంటాయి. రిసెప్షన్ ఉంటుంది కాబట్టి రాత్రి ఆలస్యంగా చేరినా తాళం కోసం ఎవరికో ఫోన్ చేసే పని ఎక్కువగా ఉండదు.

స్విట్జర్లాండ్: హోటల్ రేట్లు చూసి భయపడకండి, యూత్ హాస్టళ్లు చూడండి. పేరులో యూత్ ఉన్నా ఏ వయసు వాళ్లయినా ఉండొచ్చు. ఫ్యామిలీ రూమ్ తీసుకుంటే మన నలుగురికే విడిగా ఇస్తారు. దుప్పట్లు, బ్రేక్‌ఫాస్ట్ రేటులోనే ఉంటాయి. సభ్యత్వం లేకపోతే కొంచెం అదనంగా తీసుకుంటారు. ఇంటర్లాకెన్ హాస్టల్ ఓస్ట్ స్టేషన్ పక్కనే ఉంటుంది, యుంగ్‌ఫ్రావ్ వైపు రైళ్లు బయల్దేరేదీ అక్కడి నుంచే. బాత్రూమ్ రూమ్‌లోనే ఉందా, బయట ఉందా అన్నది మాత్రం చూసుకోండి.

ఇల్లు అద్దెకు తీసుకుంటే

ఊళ్లో రూల్స్ ముందు తెలుసుకోండి. లండన్‌లో ప్రత్యేక అనుమతి లేకుండా మొత్తం ఇంటిని ఏడాదికి 90 రాత్రుల వరకే ఇలా అద్దెకివ్వచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓనరు సొంతిల్లు అయినా ఏడాదికి కొన్ని రాత్రులే, ఒకసారి నలుగురి వరకే. పారిస్‌లో అద్దె ప్రకటన మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అది లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి. రూల్ తప్పిన ఇంటి బుకింగ్ ఆఖరి నిమిషంలో రద్దైతే రోడ్డు మీద నిలబడేది మనమే.

ఇండియా నుంచో గల్ఫ్ నుంచో న్యూయార్క్ చూడటానికి వచ్చే మన వాళ్లకీ ఇది చెప్పండి. న్యూయార్క్ సిటీలో 30 రోజుల కన్నా తక్కువకి ఇల్లు ఇస్తే ఓనరు కూడా అక్కడే ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు. అంటే నలుగురి కుటుంబానికి అక్కడ హోటలే దారి.

ఫొటోల్లో కనిపించనివి మూడు: లిఫ్ట్, ఏసీ, అంతస్తు. పారిస్ పాత బిల్డింగుల్లో లిఫ్ట్ లేనివి చాలా. అక్కడ నాలుగో అంతస్తు అంటే మన ఇండియా లెక్కే, అమెరికా లెక్కలో ఐదోది. నాలుగు సూట్‌కేసులు మెట్ల మీద మోయడం గుర్తుంచుకోండి. లండన్, పారిస్, స్విట్జర్లాండ్‌లలో ఏసీ లేని గదులు మామూలే.

అసలు ఖర్చు ఎలా లెక్కేయాలి?

తెర మీద కనిపించే రేటు చూసి నిర్ణయించకండి. ఊరికే లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. హోటల్ ఫ్యామిలీ రూమ్ బ్రేక్‌ఫాస్ట్‌తో రాత్రికి 170 యూరోలు. అద్దె ఇల్లు రాత్రికి 130, క్లీనింగ్ ఫీజు ఒకసారి 80, సర్వీస్ ఫీజు రాత్రికి 20.

మూడు రాత్రులకి హోటల్ 510, ఇల్లు 530. ఆరు రాత్రులకి హోటల్ 1020, ఇల్లు 980. క్లీనింగ్ ఫీజు ఎన్ని రాత్రులున్నా ఒకటే కాబట్టి రోజులు పెరిగేకొద్దీ ఇల్లు చౌకవుతుంది. దాని మీద రాత్రి వంట ఇంట్లో చేసుకుంటే బయట నలుగురు తినే ఖర్చు మిగులుతుంది. అందుకే నా పద్ధతి ఇది: రెండు మూడు రాత్రులైతే హోటల్, ఐదు దాటితే ఇల్లు.

టూరిస్ట్ టాక్స్ విడిగా కలపండి. పారిస్‌లో మనిషికి ఇంత అని రోజూ వేస్తారు, 18 ఏళ్లలోపు పిల్లలకి లేదు. రోమ్‌లో 10 ఏళ్లలోపు వాళ్లకి లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బస రేటు మీద 12.5 శాతం. స్విట్జర్లాండ్‌లో ఈ పన్ను కట్టినందుకు చాలా ఊళ్లలో గెస్ట్ కార్డ్ ఇస్తారు. ఇంటర్లాకెన్, లూసర్న్‌లలో దానితో ఊళ్లో బస్సులు ఉచితం. వాళ్లు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

ఊరి మధ్యలోనే ఉండాలా?

అక్కర్లేదు. లండన్‌లో 11 ఏళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ట్యూబ్‌లో, బస్సులో ఉచితంగా వెళ్లొచ్చు. 11 నుంచి 15 వాళ్లకి ఆయిస్టర్ కార్డ్ మీద యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయించుకోవచ్చు. కాబట్టి జోన్ 2, 3 లలో స్టేషన్‌కి దగ్గరగా ఉంటే చాలు. ఈస్ట్ హామ్, హౌన్స్లో వైపు మన భోజనం కూడా సులువుగా దొరుకుతుంది. పారిస్‌లో 2025 జనవరి నుంచి ఎయిర్‌పోర్ట్ ప్రయాణం తప్ప మెట్రో, రైలు టికెట్ ఆ ప్రాంతమంతటా ఒకటే రేటు, శివార్లలో ఉన్నా టికెట్ పెరగదు. స్విట్జర్లాండ్‌లో స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే ఫ్యామిలీ కార్డ్ ఉచితంగా ఇస్తారు. అది ఉంటే 6 నుంచి 15 ఏళ్ల పిల్లలకి అమ్మానాన్నలతో రైలు టికెట్ అక్కర్లేదు.

స్టేషన్‌కి పది నిమిషాల నడకలోపు ఉండేలా చూసుకోండి. సాయంత్రం అలసిపోయిన పిల్లలతో నడిచేది ఆ దూరమే.

వంట సంగతి

నేను కెమిస్ట్రీ చదివినా ఈ సంగతి తట్టేదాకా టైం పట్టింది. అమెరికాలో కొన్న రైస్ కుక్కర్ యూరప్‌కి తీసుకెళ్లకండి. అక్కడ కరెంటు 230 వోల్టులు, మనది 120. వోల్టేజి దాదాపు రెట్టింపైతే కుక్కర్ కాయిల్‌లో వేడి దాదాపు నాలుగు రెట్లవుతుంది, కాలిపోతుంది. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజి మార్చదు. ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటే భయం లేదు. బ్రిటన్, యూరప్, స్విట్జర్లాండ్ ప్లగ్గులు మూడూ వేరు.

స్టవ్ ఇండక్షన్ అయితే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి. అందుకే అన్నం మూతపెట్టి మామూలు గిన్నెలోనే వండేశాను. కందిపొడి, పులిహోర పొడి, ఉప్మా రవ్వ మూడుంటే మూడు రాత్రులు గడుస్తాయి. నెయ్యి, పాలకోవా పెట్టుకోకండి. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు. పారిస్‌లో గార్ దు నార్ దగ్గరి లా షాపెల్ వీధుల్లో కరివేపాకుతో సహా అన్నీ దొరుకుతాయి.

వీసా, చుట్టాల ఇల్లు

షెంగెన్ వీసాకి అక్కడ ఉండే ప్రతి రాత్రికీ బస చూపాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వీసా చేతికొచ్చే వరకు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చేయండి. వీసా అక్కర్లేని పిల్లల పేర్లు కూడా బుకింగ్‌లో రాయించండి.

ఫ్రాన్స్‌లో తమ్ముడింట్లోనో పిన్నిగారింట్లోనో దిగుతామంటే నోటిమాట చాలదు. వాళ్లు తమ ఊరి మున్సిపల్ ఆఫీసులో అతిథి పత్రం తీసుకుని మనకు పంపాలి. లండన్‌లో ఇళ్లు చిన్నవి. రమ్మని ప్రేమగా పిలిచినా ఒకటి రెండు రాత్రులుండి, దగ్గర్లో హోటల్ తీసుకుంటే వాళ్లకీ మనకీ మర్యాదగా ఉంటుంది.

బుక్ నొక్కే ముందు

నలుగురి లెక్క, పిల్లల వయసులు కన్ఫర్మేషన్‌లో ఉన్నాయా? మంచాలు ఎన్ని, సోఫాబెడ్ ఎవరికి? మొత్తం ఖర్చులో టాక్స్, క్లీనింగ్ కలిశాయా? రాత్రి ఎన్ని గంటల దాకా చెక్‌ఇన్ చేయొచ్చు? క్యాన్సిల్ గడువు అక్కడి టైం ప్రకారం ఎప్పుడు? డబ్బు విడిగా పంపమని ఎవరైనా అడిగితే, మీ కార్డ్ పనిచేయలేదని లింక్ పంపితే నొక్కకండి. హోటల్‌కే నేరుగా ఫోన్ చేయండి.

చివరగా, "మేం నలుగురం, పిల్లలకి 12, 7 ఏళ్లు, ఈ రూమ్ సరిపోతుందా?" అని హోటల్‌కి ఒక్క మెసేజ్ పెట్టి జవాబు దాచుకోండి. పారిస్ తర్వాత ప్రతి ఊళ్లోనూ నేను చేసింది అదే. ఆ తర్వాత మా నలుగురం ఏ రాత్రీ విడివిడిగా పడుకోలేదు.