పేగు జబ్బుకు బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడుతున్నారా? కాళ్లపై ఊదా మచ్చలు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు!

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి దీర్ఘకాలిక పేగు జబ్బులు మామూలు మందులకు లొంగకపోతే డాక్టర్లు బయోలాజిక్ ఇంజెక్షన్లు రాస్తున్నారు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు పేషెంట్లకు ఇక్కడే ఓ చిక్కు. ట్రీట్‌మెంట్ మొదలయ్యేది ఏ గుంటూరులోనో, హైదరాబాద్‌లోనో. దద్దుర్లు బయటపడేది మాత్రం ఇంటికొచ్చాక, ఒక్కోసారి నెలల తర్వాత!

ఎందుకిలా?
ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ మందులు టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటాయి. దీంతో పేగుల్లో వాపు తగ్గుతుంది. కానీ కొందరిలో రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి చర్మం, రక్తనాళాలపై ప్రభావం చూపిస్తుంది.

ఏమేం కనిపిస్తాయి?
• సూది వేసిన చోట ఎరుపు, దురద: ఎక్కువగా కనిపించేది ఇదే. సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.
• సోరియాసిస్ లాంటి పొలుసులు: నెత్తి, అరచేతులు, అరికాళ్లపై వస్తాయి. చీము పొక్కులూ రావొచ్చు. విచిత్రం ఏంటంటే, సోరియాసిస్ తగ్గించడానికీ ఇవే మందులు వాడతారు.
• సర్పి: ఒంటికి ఒకవైపే మంటతో నీటి పొక్కులు. తొందరగా మందు మొదలుపెడితే మంచిది.
• వాస్కులైటిస్: అంటే రక్తనాళాల వాపు. ఇది అరుదు. మోకాళ్ల కింద ఎర్రటి, ఊదా రంగు మచ్చలు వస్తాయి. గాజు గ్లాసుతో నొక్కినా రంగు పోదు.

వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు?
ఊదా మచ్చలతో పాటు మూత్రం ఎర్రగా రావడం, జ్వరం, కాళ్లూ చేతుల తిమ్మిర్లు ఉంటే ఆగొద్దు. కిడ్నీలు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంజెక్షన్ తర్వాత ముఖం వాచినా, ఊపిరాడకపోయినా 108కి ఫోన్ చేయండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి. పేగు జబ్బు ముదిరినప్పుడు కూడా ఈ ముప్పు పెరుగుతుంది.

ఇలా చేయండి
మచ్చ కనిపించిన రోజే ఫొటో తీసి, తేదీ, చివరి ఇంజెక్షన్ వివరాలు రాసిపెట్టుకోండి. తర్వాతి డోసు కంటే ముందే మీ డాక్టర్‌కు చెప్పండి. దగ్గర్లోని డాక్టర్‌కు చూపించినా ఈ మందు వాడుతున్నట్టు తప్పక చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ పూసేస్తే అసలు సమస్య మరుగున పడొచ్చు.

సొంతంగా ఇంజెక్షన్ మానేయడమూ తప్పే. పేగు జబ్బు తిరగబెట్టొచ్చు. చాలామందికి పూత మందులతోనే సరిపోతుంది. తగ్గకపోతే ఉస్టెకినుమాబ్ లాంటి వేరే మందుకు డాక్టర్లే మారుస్తారు.

గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్సపై నిర్ణయం మీ డాక్టర్‌దే.