వెండిరంగు వార్ధక్యము



రాజుల చరిత్రలును, యుద్ధముల చరిత్రలును మనము తరచుగా వినుచుందుము. ఒక రంగునకు కూడ చరిత్ర కలదనియు, అదియు పుట్టి, పెరిగి, ముదియుననియు నేడు మనవిచేయ దలచితిని. అది అమెరికాదేశపు వేగపు కార్లపై ఒకప్పుడు పూసిన లోహఛాయ గల వెండిరంగు. కార్ఖానాలో పూసిన తొలిపూత చెడకుండ అట్టి పాతకార్లను నిలుపుకొనవలెనని కోరువారు పెక్కురు కలరు. కాని ఆ పూత స్వభావమే వారి కోరిక కడ్డుపడుచున్నది. ఏలనో విచారింతము.

మోటారుకారు పుట్టిన కొత్తలో దానికి గుఱ్ఱపుబండ్లకు పూసెడి నూనెరంగులనే పూసెడివారు. ఒకపూత ఆరిన పిదప మఱియొక పూత వేయుచు, ఒక్క బండి ముగియుటకు వారములు పట్టెడిది. బండ్లు వేలకొలది తయారగు కాలమునకు ఈ జాగు తగదయ్యెను. అప్పుడు డ్యూపాంట్ సంస్థవారు నైట్రో సెల్యులోజుతో చేసిన లాకరును తెచ్చిరి. దూదిని గాఢమైన ఆమ్లములలో నానబెట్టిన తుపాకిదూది యను ప్రేలుడు పదార్థము వచ్చునని 1846లో షోన్‌బైన్ లోకమునకు చాటెను. దాని తోబుట్టువే ఈ లాకరు. డ్యూకో యను పేర 1923లో వెలసిన ఈ పూతతో జనరల్ మోటార్స్ వారి 1924వ సంవత్సరపు ఓక్లాండు కార్లు నీలవర్ణమున మెఱసినవి. వారముల పని దినములలోనికి, తరువాత గంటలలోనికి దిగినది.

లాకరు ఆరు విధము వేఱు. నూనెరంగు గాలిలోని ప్రాణవాయువును పీల్చి గట్టిపడును. లాకరులోని ద్రావకము ఆవిరియై పోవును. మిగిలినది పొరగా నిలుచును. ఆ పొర పెళుసు గనుక మెత్తదనమునకై మఱికొన్ని పదార్థములు కలుపుదురు. మనయింటి ఆముదము గూడ అందులకు వాడిన వానిలో నొకటి. ఈ మెత్తదనమిచ్చు వస్తువులు ఏండ్లు గడచినకొలది కొంచెము కొంచెముగా పొరను వీడిపోవును. పొర ముడుచుకొని, పగుళ్లు వాఱును. ఇది మొదటి కారణము.

ఇక మెఱుపు సంగతి. మొదట కొందఱు చేపపొలుసులనుండి తీసిన ముత్యపు తళుకును రంగులో కలిపిరి. అది మిక్కిలి ప్రియము. తరువాత అల్యూమినియమును ద్రవములో తడిపి, గుండ్లమరలో నూఱి, సన్నని రేకులుగా చేసి కలుపసాగిరి. ఒక్కొక్క రేకు మందము మిల్లీమీటరులో వేయవవంతును మించదు. పొరలో వెల్లకిలగా పరుండిన ఈ రేకులు వేలకొలది చిన్న అద్దములై వెలుతురును త్రిప్పిపంపును. మెఱుపునకు మూలమిదియే, చేటునకును మూలమిదియే.

ఉదాహరణమునకు షెవ్రొలే వారి కార్వెట్టును తీసికొందము. 1953లో 300 కార్లు మాత్రమే చేసిరి, అన్నియు తెల్లనివే. కొన్నేండ్లకు నైట్రో సెల్యులోజు పోయి ఆక్రిలిక్ లాకరు వచ్చినది. విమానముల పారదర్శకపు కిటికీలకు వాడు పదార్థమునకు అది దగ్గఱి చుట్టము. ఎండ కెక్కువగా ఓర్చును. 1963లో తయారైన 21,513 కార్వెట్టులలో సెబ్రింగ్ సిల్వర్ అను వెండిరంగు కోరినవారు 80 డాలర్ల 70 సెంట్లు అదనముగ చెల్లించిరి. ఆ యేటి రంగులలో అదనపు వెల గలది అదొక్కటియే. కార్వెట్టు దేహము గాజునారతో చేసినది గనుక దానికి తుప్పు పట్టదు. కావున అందలి రంగు చెడినచో తుప్పును నిందింప వీలులేదు; రంగులోనే కారణము వెదకవలెను.

తెలుపు, ఎఱుపు వంటి ముద్దరంగులలో వర్ణకపుపొడి దట్టముగా నుండి ఎండను పైపొరయందే అడ్డగించును. పైన సుద్దవలె పొడి రాలినను, మెఱుగుపెట్టినచో అడుగున అదేరంగు తాజాగా అగపడును. వెండిరంగునం దట్లు గాదు. రేకులు కనబడవలెనన్న పూత పారదర్శకముగా నుండవలెను. వర్ణకము పలుచన కావలెను. అందుచే సూర్యుని అతినీలకిరణములు లోతునకు చొచ్చుకొని పోయి, రేకులపై తగిలి, తిరిగివచ్చుచు మఱల ఆ పొరనే బాధించును. ఇది రెండవ కారణము.

మూడవది రేకుల బలహీనత. అల్యూమినియము ఆమ్లమునకును లొంగును, క్షారమునకును లొంగును. చింతపండు పులుసును అల్యూమినియపు గిన్నెలో నిలువయుంచరాదని మన యిల్లాండ్రెఱుగుదురు. పట్టణముల పొగతో పులిసిన వాననీరును, ఘాటైన సబ్బునీరును పగుళ్లగుండ దిగినచో రేకులు మసకబాఱి, పూతపై బూడిదమచ్చలు పుట్టును.

అన్నిటికంటె విచారకరమైనది నాలుగవ కారణము: యజమాని ప్రేమ. ఆ పూత మొత్తము మందము ఇంచుమించు ఒక కాగితమంత. దానిపై రక్షణపొర వేఱుగా లేదు. మెఱుగుమందుతో రుద్దినప్పుడెల్ల పై రెసిను అరిగి, రేకులు బయటపడును. గుడ్డకు అంటు నల్లని బూడిదరంగు ఆ రేకులదే. నిన్నటి తళుకును రప్పింపబోయి నేటి రంగునే తుడిచివేయుట యన్నమాట!

ఈ దోషమును తప్పించుటకు తరువాతివారు లోహపు రంగుపై అతినీలకిరణములను మ్రింగు స్వచ్ఛమైన పొరను వేయ నారంభించిరి. కార్వెట్టున కీ పద్ధతి 1981లో, బౌలింగ్ గ్రీన్ కార్ఖానాతో వచ్చినది. ఆ పొరకును ఆయువు కలదు. అది తీఱినపుడు పెచ్చులూడును. అయినను మెఱుగు పెట్టుటవలని వ్యయము రేకులదిగాక పైపొరది యయ్యెను.

మఱి పాతబండి కేమి గతి? క్రొత్తరంగు వేసిన తళుకు వచ్చును. కాని 1963లో ఒక పనివాడు చల్లిన రేకుల అమరిక పోవును. చల్లుగొట్టము నడకనుబట్టి, గాలి వేగమునుబట్టి రేకులు పరుండుటచే దానిని మఱల కల్పించుట సాధ్యముగాదు. బండ్ల యథార్థరూపమును శ్రద్ధగా పరీక్షించు జాతీయ కార్వెట్టు పునరుద్ధారకుల సంఘము 1974లో వెలసినది. అట్టివారి కృషివలన మాసిన పూతయు సాక్ష్యమే యను భావము బలపడినది.

నా అభిప్రాయమును దాచను. రంగు పూర్తిగా పగిలి రాలినచో క్రొత్తది వేయుట న్యాయమే. ఇంకను పట్టు గలదేని, నీడను నిలిపి, మెత్తని నీటితో కడిగి, రాపిడి లేని మైనము పూసి, అంతటితో చేయి ఆపుట మేలు. శాసనమును చదువుటకై రాతిని చెక్కినవానికి అక్షరములు దక్కవు. ఆ వెండిరంగు విషయమునను అంతియే.